అలివి వలకు అంటిన నూనె

సింగరాయకొండలో బస్సు దిగి సముద్రం వైపు ఇసక దారిలో నడిస్తే మా ఊరు వచ్చేది. పడమటి చేలల్లో మిరప, పత్తి. తూర్పున సరుగుడు తోపు దాటితే బెస్తవాళ్ళ పాలెం, ఆ పైన సముద్రం. మా నాన్న మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు, చర్చి సంఘంలో పెద్ద. అమ్మ ఎకరం చేను కౌలుకు తీసుకుని మిరప వేసేది. నేను టీచరు ట్రైనింగు ముగించి పోస్టింగు కోసం ఎదురుచూస్తూ, ఆ లోపు ఇంట్లో వాళ్ళకే పాఠాలు చెప్తూ ఉండేదాన్ని. నా నోటికి జడిసి పెళ్ళిచూపులకు ఎవరూ రావడం లేదని అమ్మకు బెంగ. నాకు మాత్రం ఆ బెంగ లేదు.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. పత్తికి తెల్లదోమ పట్టి రైతులు కుదేలైన ఏడాదే చమురు కంపెనీ వాళ్ళు మా తీరానికి వచ్చారు. తోపు పక్కన రేకుల షెడ్లు వేసి క్యాంపు పెట్టారు. సముద్రంలో చాలా దూరాన బోరు వేసే ఓడను నిలబెట్టారు. మబ్బు లేని రోజున ఒడ్డు నుంచి చూస్తే దాని ఇనుప గోపురం అగ్గిపుల్లంత కనిపించేది. అక్కడ చమురు పడితే మా జాతకాలు మారిపోతాయని టీ కొట్టు దగ్గర రోజూ పంచాయితీ జరిగేది. చమురంటే లాంతరులో పోసుకునేదే తప్ప ఇంకోటి తెలియని వాళ్ళు కూడా బ్యారెళ్ళ లెక్కలు చెప్పేవాళ్ళు.

అబద్ధమెందుకు, నాకూ బాగానే ఉండేది. ఇసక దారి మీద కంకర పడింది. పత్తిలో నష్టపోయిన పెద్ద రైతు తన ట్రాక్టరును క్యాంపుకు బాడుగకు తిప్పుతూ మళ్ళీ తెల్ల చొక్కా వేయడం మొదలుపెట్టాడు. మా సంఘం పిల్లలు ఏడెనిమిది మంది క్యాంపులో పనికి చేరారు. అంతకుముందు వాళ్ళు పదో తరగతి దాకా నాన్న దగ్గర చదివి, ఆ తర్వాత వాళ్ళ అమ్మల పక్కనే మిరపకాయలు కోసుకుంటూ ఉండేవాళ్ళు.

అన్నిటికంటే పెద్ద సంగతి, మా అన్నయ్యకు ఉద్యోగం వచ్చింది. వాడు గుంటూరులో మెకానికల్ డిప్లొమా చేసి, బ్రాడీపేటలో ఇరుకు గదిలో ఉంటూ, కోచింగు సెంటర్లలో ఇతరుల పిల్లలకు లెక్కలు చెప్పి నీరసించిపోయాడు. అలాంటివాణ్ణి కంపెనీ ఏకంగా ఓడ మీదికే తీసుకుంది. బోరు తవ్వేటప్పుడు తొలిచే మొన చల్లబడటానికి లోపలికి ఒక రకం బురద పంపుతారట. దాన్ని కలిపే చోట వాడి పని. కొన్నాళ్ళు ఓడ మీద, కొన్నాళ్ళు ఇంట్లో. బురద కలపడానికి డిప్లొమా దేనికి, మన గేదె రోజూ కలుపుతోందిగా అని నేను ఏడిపించేదాన్ని. వాడు నవ్వేవాడు. వాడు నవ్వి ఎన్నాళ్ళయిందో అప్పుడే మాకు తెలిసొచ్చింది.

పాలెం నుంచి మా ఇంటికి ఒక బెస్తావిడ వచ్చేది. అమ్మను వదినా అనేది, మేము ఆవిణ్ణి అత్తా అనేవాళ్ళం. మిరప కోతల కాలంలో ఎండు నెత్తళ్ళ గంపతో చేలగట్ల మీదుగా వచ్చి, కూలీ ఆడవాళ్ళకు చేపలిచ్చి తాలుకాయలు పట్టుకెళ్ళేది. రంగు తేలిపోయిన మిరపకాయలను తాలుకాయలంటాం. రైతులు కూలితోపాటు అవి కూడా ఇచ్చేవాళ్ళు. ఆ చేపలు ఆ ఆడవాళ్ళకు కూర, ఆ కాయలు పాలేనికి కారం. డబ్బు మధ్యలోకి రాకుండా అలా ఏళ్ళ తరబడి జరిగిపోయింది. అత్త చిన్న కొడుకు కూడా క్యాంపులో మూటలు మోసేవాడు. వాడికి జీతం వచ్చిన రోజున ఆవిడ మాకు బెల్లం పంచింది.

అలివి వల గురించి చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. అది చాలా పెద్ద వల. ఒకరిది కాదు, పాలెం మొత్తానిది. కవళ్ళనే చేపలు గుంపుగా పైకి వచ్చినప్పుడు నీటి మీద సన్నగా జిడ్డు తేలుతుంది. అక్కడ అల విరగదు, నీళ్ళు నున్నగా మెరుస్తాయి. అత్తవాళ్ళ మామగారు ఒడ్డున ఇసక దిబ్బ ఎక్కి ఆ మెరుపు కోసం చూసేవాడు. ఆయన తుండుగుడ్డ ఊపితే పడవ వలను మోసుకుపోయి ఆ మెరుపు చుట్టూ తిప్పివస్తుంది. ఆ తర్వాత ఆడామగా రెండువైపులా తాళ్ళు పట్టుకుని ఒడ్డుకు లాగుతారు.

కవళ్ళ కాలం మొదలైన ఒక పొద్దున అత్త గంప లేకుండా వచ్చింది. వాకిట్లో నిలబడి లోపలికి రాలేదు.

"వల పోయింది వదినా," అంది.

అమ్మకు అర్థం కాలేదు. "ఎవరన్నా ఎత్తుకుపోయారా?"

"ఎత్తుకుపోతే ఎతుక్కోవచ్చు గదా. జిడ్డు కనపడితే కవళ్ళే అనుకున్నారు. మా మామ బుద్ధెరిగిన కాడి నుంచీ దిబ్బెక్కి చూస్తన్నాడు, ఒక్క తూరీ తప్పలా. ఈ తూరి తప్పింది. అది చేపల జిడ్డు కాదంట. నూనె."

నేను ఆవిడ వెంట ఒడ్డుకు వెళ్ళాను. వల ఇసక మీద పరిచి ఉంది. నల్లగా, జిగటగా, దారాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంది. ఆడవాళ్ళు బూడిద వేసి తోముతున్నారు, ఇసక వేసి తోముతున్నారు. తోమేకొద్దీ అది లోపలికి ఇంకుతోంది. ఘాటుగా ఒకటే వాసన. సగం డీజిలు, సగం కుళ్ళిన మన్ను. ముసలాయన దిబ్బ మీదే కూర్చుని ఉన్నాడు. గంజి తాగమని ఎవరు చెప్పినా వినడం లేదు. జిడ్డును చూసి తుండుగుడ్డ ఊపింది నేనే కదా అని ఆయన బాధ. ఆ వల లేకపోతే పాలేనికి ఆ కాలమంతా చేప లేదు. చేప లేకపోతే గింజలు లేవు.

పాలెం వాళ్ళు క్యాంపుకు పోయి అడిగితే, అది మా ఓడది కాదు, దారిన పోయే ఏ సరుకు ఓడో వదిలిపెట్టి ఉంటుందని చెప్పి పంపేశారట.

అన్నయ్య ఆ మర్నాడే సెలవు మీద ఇంటికి వచ్చాడు. అమ్మ వాడి బట్టలు తీసుకుని బండ దగ్గరికి వెళ్ళింది. నేను బావిలో నీళ్ళు తోడుతున్నాను. ఆ చొక్కా తడవగానే ముక్కుకు వాసన తగిలింది. అదే వాసన. సగం డీజిలు, సగం కుళ్ళిన మన్ను. చేద వదిలేసి చొక్కా పట్టుకుని ఇంట్లోకి వెళ్ళాను. నాన్న పడక్కుర్చీలో ఉన్నాడు. అన్నయ్య అన్నం తింటున్నాడు.

"ఇది మీ ఓడ బురదేనా?" అని అడిగాను.

వాడు కంచంలోనే చెయ్యి పెట్టి ఆగిపోయాడు. "ఎందుకు?"

"పాలెం వల అంతా ఇదే వాసన."

వాడికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. కంచంలోకే చూస్తూ మెల్లగా చెప్పాడు. "వాడేసిన డీజిలు బురద పోసే తొట్టి నిండిపోయింది. దాన్ని ఒడ్డుకు మోసే పడవ రావడానికి ఆలస్యమవుతుందన్నారు. పని ఆపితే పైవాళ్ళు తిడతారు. తెల్లవారుజామున సముద్రంలోకి వదిలేయమన్నారు."

"ఎవరు వదిలారు?"

"వాల్వు తిప్పింది నేనే."

నాన్న కుర్చీలోంచి లేచి వీధి తలుపు దగ్గరికి వేశాడు. పట్టపగలు మా ఇంట్లో తలుపు వేయడం నేనెప్పుడూ చూడలేదు.

"ఈ మాట ఈ గడప దాటకూడదు," అన్నాడు.

"ఆదివారం ప్రసంగం చెప్పే నోరేనా ఇది?" అన్నాను.

"నాన్నని అట్టా అంటావేమే," అని అమ్మ తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

నాన్న కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలికగా ఉండేది. "నేను ఇన్నేళ్ళు మన పిల్లలకి పాఠం చెప్పా. చదువుకున్నోళ్ళంతా మళ్ళీ మిరప చేలల్లోకే పోయారు. ఇప్పుడు మొదటిసారి, చదివినందుకు ఏదో దొరికిందని వాళ్ళ అమ్మానాన్నలు అనుకుంటన్నారు. వీడు నోరు తెరిస్తే పోయేది వీడి ఉద్యోగం ఒక్కటే కాదు. ఊరివాళ్ళకి పనిస్తే ఊరి పక్షానే సాక్ష్యం చెప్తారని ఆ కంపెనీ అందర్నీ మానిపిస్తుంది. వల మళ్ళీ అల్లుకోవచ్చు. ఇది పోతే మళ్ళీ రాదు."

"వల అల్లుకునేదాకా వాళ్ళేం తినాలి?"

"మనం నాలుగిళ్ళల్లో గింజలు పోగుచేసి ఇద్దాం."

నాకు ఒళ్ళు మండింది. మన తప్పుకు వాళ్ళకి ముష్టి వేస్తామా అన్నాను. కానీ ఆ ఏడెనిమిది మంది పిల్లల మాట మాత్రం నన్ను వదల్లేదు. వాళ్ళలో ఇద్దరికి ఆ పని కోసం నేనే ఇంగ్లీషులో అర్జీలు రాసిపెట్టాను. ఇంకో సంగతి కూడా నన్ను నిలవనివ్వలేదు. సముద్రంలో విషం కలిపారని ఎగురుతున్నాను గానీ, పత్తి మీద డబ్బాలకు డబ్బాలు మందు కొట్టి ఆ డబ్బాలను కాలవలో కడిగినప్పుడు నేనేమీ అనలేదు. అన్నయ్య మాత్రం కంచం ముందే కూర్చుని ఉన్నాడు. అన్నం ఎండిపోయింది.

పాలెం వాళ్ళు ఊరుకోలేదు. కొత్త మండలాఫీసుకు పోయి ఎమ్మార్వో గుమ్మం ముందు ఆ వల పరిచి కూర్చున్నారు. ఆ వాసనకు ఆఫీసులో ఎవరూ పని చేయలేకపోయారట. దాంతో ఆయన మా స్కూలు ఆవరణలో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడతానన్నాడు. అన్నయ్యను కంపెనీ బట్టల్లోనే రమ్మని క్యాంపు నుంచి కబురు వచ్చింది. ఆ పొద్దున బయల్దేరేముందు నాన్న వాడి భుజం మీద చెయ్యి వేసి, "నిన్నెవరూ అడగరు. ఊరికే నిలబడు," అన్నాడు.

ఒకవైపు పాలెం, ఒకవైపు రైతులూ క్యాంపు పనివాళ్ళూ. వరండాలో కుర్చీల మీద ఎమ్మార్వో, కంపెనీ ఆఫీసరు, సంఘం పెద్దగా నాన్న. ఆఫీసరు కాకినాడ వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆయన్ను దుర్మార్గుడిగా చెప్పాలని నాకూ ఉంది గానీ, ఆయన అలా కనిపించలేదు. మీ చేలకు వేసే ఎరువు గ్యాసుతోనే తయారవుతుందనీ, ఇక్కడ గ్యాసు పడితే బయటినుంచి కొనక్కర్లేదనీ, మీ పిల్లలకు మీ ఊళ్ళోనే పని ఉంటుందనీ చెప్పాడు. రైతులు తలలూపారు. వల పాడయినందుకు తనకూ బాధగా ఉందన్నాడు. కానీ నూనె వదిలినట్టు తమ ఓడలో ఎవరూ చెప్పలేదన్నాడు. ఓడవాళ్ళ మాట ఆయన నిజంగా నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ట్రాక్టరు రైతు లేచాడు. "ఒక్క వల కోసం ఇంతమంది నోట్లో మట్టి కొడతారా? ఏంది మీ గోల? కంపెనీ పోతే మీరు పెడతారా మాకు కూడు?"

"మా నోట్లో పడింది మట్టి కాదా?" అని పాలెం వైపునుంచి ఎవరో అరిచారు. నలుగురు లేచారు, ఇటువైపు నలుగురు లేచారు. ఎమ్మార్వో కూర్చోమని బల్ల మీద కొట్టాడు.

అప్పుడు ఆఫీసరు, అందరినీ శాంతపరచాలని కాబోలు, చెయ్యెత్తి అన్నయ్యను చూపించాడు. "నా మాట మీరు నమ్మరు, సరే. ఈ కుర్రాడు మీ ఊరివాడే. మీ హెడ్మాస్టరు గారి అబ్బాయి. ఆ రోజు ఓడ మీదే ఉన్నాడు. ఇతన్నే అడగండి."

నాన్న కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

దిబ్బ మీది ముసలాయన కర్ర ఊతంగా ముందుకొచ్చాడు. పాలెంలో తగవు వస్తే ఒక పద్ధతి ఉండేది. మాట చెప్పాల్సిన మనిషి సముద్రంలో మోకాలి లోతులో నిలబడి, దోసిట్లో నీళ్ళు పట్టుకుని, గంగమ్మ మీద ఒట్టేసి చెప్పాలి. అబద్ధమాడినవాణ్ణి ఆ తర్వాత ఏ పడవలోనూ ఎక్కించుకోరు. "అబ్బాయి రోజూ నీళ్ళ మీద తిరిగేవాడే గదా," అన్నాడు ముసలాయన. "ఒడ్డుకొచ్చి గంగమ్మ మీద ఒట్టేసి చెప్పమనండయ్యా. వాళ్ళది కాదంటే మేం పోతాం."

"దానికేముంది, చెప్తాడు," అన్నాడు ఆఫీసరు తేలిగ్గా.

నాన్న లేచి నిలబడ్డాడు. మా సంఘంలో ఒట్టు పెట్టుకోవడం తప్పు. చిన్నప్పుడు నేను అమ్మతోడు అన్నందుకు నాన్న నాతో గోడకుర్చీ వేయించాడు. అది ఊరందరికీ తెలిసిన నియమమే. ఆయన ఏం చేయబోతున్నాడో నాకు ముందే అర్థమైంది.

"మన్నించాలి," అన్నాడు నాన్న. "మావాళ్ళల్లో ఒట్లు వేయరు. దేని మీదా వేయరు. మామూలు మాటే ఒట్టంత గట్టిగా ఉండాలని మా పద్ధతి. నా కొడుకుని ఒట్టు వేయమని ఎవరూ అడగొద్దు."

ముసలాయన వెనక్కి తగ్గాడు. ఇంకొకరి ఆచారాన్ని తోసిపుచ్చే మనుషులు కాదు వాళ్ళు. ఎమ్మార్వో వాచీ చూసుకున్నాడు. అన్నయ్య తప్పించుకున్నట్టేనని నాకు అర్థమైంది. జన్మలో నాన్న మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. నిజం చెప్పొద్దూ, దాంతోపాటే గుండెలమీంచి బరువు దిగినట్టు కూడా అయింది. ఆ రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో నన్నడగొద్దు.

అప్పుడు ఆడవాళ్ళలోంచి అత్త లేచింది.

"ఒట్టొద్దులే అన్నా," అంది నాన్నతో. ఎగతాళిగా కాదు, మర్యాదగానే. "మీ పద్ధతి మీది. మామూలు మాటే గట్టిదన్నారు గదా. మామూలుగానే చెప్పమను. నేను నమ్ముతా." తర్వాత అన్నయ్య వైపు తిరిగింది. "చెప్పు నాయనా. మీ ఓడదేనా?"

అందరూ వాడివైపు తిరిగారు. ట్రాక్టరు రైతు, క్యాంపు పిల్లలు, వాళ్ళ వెనక వాళ్ళ అమ్మలు, అత్త చిన్న కొడుకు. ఆఫీసరు ఇంకా చిరునవ్వుతోనే ఉన్నాడు. నాన్న మాటే నాన్నకు అడ్డం పడింది. వాడు అవుననాలని నేను ఎంత గట్టిగా కోరుకున్నానో, వద్దురా అని అరవాలని కూడా అంతే అనిపించింది.

అన్నయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మా ఓడదే అత్తా," అన్నాడు. "వాల్వు తిప్పింది నేనే."

ముసలాయన నేల మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు. తన కళ్ళు తప్పు చూడలేదని, కింద చేపల్లేకపోయినా పైన నూనె మాత్రం నిజమేనని తెలిసినందుకో ఏమో. ఆఫీసరు ఎర్రబడిన మొహంతో అన్నయ్యను చూసి, ఇంగ్లీషులో ఎమ్మార్వోతో ఏదో అన్నాడు. ఎమ్మార్వో అందరి ముందూ కంపెనీ కొత్త వల కొనిచ్చేలా ఆఫీసరును ఒప్పించాడు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా, అది ఒప్పుకోవాలి.

నాన్న అన్నట్టే అన్నీ జరిగాయి. మర్నాడు పొద్దున అన్నయ్యను ఇక రావద్దన్నారు. మధ్యాహ్నానికి ఊరివాళ్ళెవరినీ రావద్దన్నారు. సంఘం పిల్లలు పెట్టెలు మోసుకుని తిరిగొచ్చారు. వాళ్ళ అమ్మల్లో ఒకావిడ మా వాకిట్లో దుమ్మెత్తి పోసి వెళ్ళింది. ట్రాక్టరు రైతు మా అమ్మకు చేను కౌలుకు ఇవ్వనని కబురు పంపాడు. ఆ పొలం ఆయనదే. అది మాకు ఆ రోజు దాకా అంత పెద్ద సంగతిగా అనిపించలేదు.

సాయంత్రం అత్త వచ్చింది. ఆవిడ చిన్న కొడుకును కూడా తీసేశారు. వాడు వీధిలోనే నిలబడ్డాడు. అమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నాన్న లోపల కుర్చీలో ఉన్నాడు. అన్నయ్య గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అత్త అరుగు అంచున కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"నేనే అడిగా వదినా," అంది. "మా ముసిలోడు ఊరుకున్నాడు, అన్న ఊరుకోమన్నాడు. నేను ఊరుకున్నా సరిపోయేది. నీ కొడుకు కూడూ తీశా, నా కొడుకు కూడూ తీశా."

అమ్మ జీవితంలో అబద్ధం చెప్పగా నేను వినలేదు. నాన్న నియమాలు మాకు మాటలు, ఆవిడకు అలవాటు. చేట పక్కన పెట్టి అత్త వీపు మీద చెయ్యి వేసింది.

"నువ్వు అడక్కపోయినా వాడు చెప్పేవాడే," అంది. "వాడి సంగతి నాకు తెలియదా. నీదేం లేదు, లే."

అత్త మొహం కాస్త తేటపడింది. అక్కడితో ఊరుకుంటే అందరికీ బాగుండేది. నేను అన్నయ్య వైపు చూసి ఊరుకోమని కళ్ళతో చెప్పాను కూడా.

"లేదత్తా," అన్నాడు వాడు. "నువ్వు అడక్కపోతే చెప్పేవాణ్ణి కాదు."